పులి తలకు నిజమైన కళ్లు: ఒక పింగ్‌పాంగ్ బంతి, ఒక పారదర్శక గోళం

పులి కంట్లో తెల్లగుడ్డు దాదాపు కనిపించదు. వేషానికి తలకు తొడుక్కునేలా చేతితో చేసే పులి తలల్లో మొదట తప్పేది ఇక్కడే. మనిషి కన్ను మనసులో పెట్టుకుని చుట్టూ తెలుపు, మధ్యలో పసుపు, నడుమ నల్ల చుక్క పెట్టేస్తారు. పది అడుగుల దూరం నుంచి చూస్తే పులి మనల్ని చూసి జడుసుకున్నట్టు ఉంటుంది. రెండో తప్పు, పిల్లి జాతే కదా అని కనుపాపను నిలువు గీతలా గీయడం. ఇంటి పిల్లికి నిలువు గీత నిజమే. పులికి, సింహానికి, చిరుతకు మాత్రం కనుపాప గుండ్రంగానే ఉంటుంది.

మూడో తప్పు రంగుది కాదు, లోతుది. నిజమైన కంట్లో రంగు వలయం, అంటే ఐరిస్, పైకి కనిపించే మెరిసే పొర మీద ఉండదు. ఆ పారదర్శక పొరకు కొన్ని మిల్లీమీటర్లు లోపల, నీటి వెనకాల ఉంటుంది. బల్లపరుపు ముక్క మీదో, ఉబ్బెత్తు గోళం పైనో ఎంత చక్కగా గీసినా గోడ మీది బొమ్మలాగే ఉండటానికి కారణం అదే. అందుకని ఇక్కడ కన్నును రెండు ముక్కలుగా చేస్తాం. లోపల రంగు వేసిన చిన్న గిన్నె, దాని ముందు పారదర్శకమైన డోము. గిన్నె లోపలికి గుంటగా ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది: మీరు ఎటు జరిగితే కన్ను అటు తిరిగినట్టు అనిపిస్తుంది. పక్కకు జరగగానే మీ వైపు గోడ మరుగై అవతలి గోడ మీకు ఎదురుగా వస్తుంది, దాన్ని మన మెదడు కన్ను తిరిగినట్టుగా చదువుకుంటుంది.

ముఖం వెడల్పు 30 సెం.మీ. దాకా ఉండే తలకు ఈ కొలతలు సరిపోతాయి.

కావలసినవి

టేబుల్ టెన్నిస్ బంతి ఒకటి (40 మి.మీ.). రెండు సగాలుగా విడివడే పారదర్శక ప్లాస్టిక్ గోళం ఒకటి, అదీ 40 మి.మీ.దే, అలంకరణ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. ఒక్కో దాంట్లోంచి రెండేసి ముక్కలు వస్తాయి కాబట్టి జత కళ్లకు ఒక్కొక్కటి చాలు. గీతలు పడితే మార్చడానికి ఇంకో గోళం ఉంచుకోండి.

నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగులు: ఎల్లో ఓకర్, లెమన్ ఎల్లో, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, తెలుపు, నలుపు, కొద్దిగా పెర్ల్ గోల్డ్. 000, 0, 2 నంబర్ల గుండ్రటి కుంచెలు. మెరిసే అక్రిలిక్ వార్నిష్. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు. రెప్పలకు ఎం-సీల్ లాంటి రెండు ముద్దలు కలిపే పదార్థం. 400 నంబరు ఉప్పుకాగితం, పదునైన బ్లేడు కత్తి, బడి పిల్లల కంపాస్, దళసరి స్టిక్కర్ కాగితం, ఒక పది రూపాయల నాణెం.

గిన్నె కోయడం

బంతి మీద రెండు సగాలు అతికిన గీత సన్నగా కనిపిస్తుంది. ఆ గీతను భూమధ్యరేఖ అనుకుంటే ఉత్తర ధ్రువం దగ్గర ఒక కన్ను, దక్షిణ ధ్రువం దగ్గర ఇంకోటి తీయాలి. అతుకు కంట్లోకి రాకూడదు.

కంపాస్‌ను 15 మి.మీ.కు తెరవండి. ముల్లు ధ్రువం మీద గుచ్చి బంతి చుట్టూ గీత తిప్పండి. బంతి గుండ్రం వల్ల ఆ వలయం అడ్డకొలత 30 రాదు, 28 మి.మీ.కు కాస్త తక్కువగా వస్తుంది. మనకు కావలసింది అదే. ఆ గీత వెంట బ్లేడుతో ఒకేసారి తెగేలా నొక్కకుండా మూడు నాలుగు సార్లు తేలిగ్గా తిప్పుతూ కోయండి. వేడి చేసిన కత్తి వద్దు. పాత రకం బంతులు సెల్యులాయిడ్‌తో చేసినవి, నిప్పు తగిలితే భగ్గుమంటాయి. కొత్త ప్లాస్టిక్ బంతులైతే అంచు కరిగి వంకర పోతుంది.

చేతికి వచ్చేది దాదాపు 6 మి.మీ. లోతు గిన్నె. కంపాస్ ముల్లు గుచ్చిన చిన్న గుంటే కనుపాప కేంద్రం, వేరే కొలత అక్కర్లేదు. అంచును ఉప్పుకాగితం మీద బోర్లించి గుండ్రంగా రుద్దితే సమం అవుతుంది. లోపలి వైపు కూడా తేలిగ్గా రుద్ది తడిగుడ్డతో తుడవండి. నున్నటి ప్లాస్టిక్ మీద అక్రిలిక్ పట్టదు, ఆరాక గోటితో తీస్తే పాలమీగడలా లేచి వస్తుంది.

వెనక వైపు, అంటే బంతి బయటి వైపు, రెండు పూతలు నలుపు వేయండి. చాలామంది ఇది వదిలేస్తారు. బంతి ప్లాస్టిక్ వెలుతురును కొంత లోపలికి రానిస్తుంది. తల వెనక నుంచి ఎండ పడితే కన్ను లాంతరులా వెలిగి, గీసిన గీతలన్నీ మాయమవుతాయి.

రంగు వేయడం

రెండు గిన్నెలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో మెట్టు రెండింటికీ వేస్తూ వెళ్లండి. ఒకటి పూర్తి చేసి రెండోది మొదలుపెడితే రంగు కలవదు, చెయ్యి కలవదు. పులికి ఒక కన్ను నిద్రమత్తులో, ఇంకోటి కోపంలో ఉంటుంది. సీసా మూత మీద చపాతీ పిండి ముద్ద పెట్టి గిన్నెను దానిలో అదమండి. గీసేటప్పుడు చెయ్యి కదలకూడదు, మూత తిరగాలి.

ముందు తెలుపు ఒక పల్చటి పూత. ఆరాక అసలు రంగు: ఎల్లో ఓకర్ నాలుగు చుక్కలు, లెమన్ ఎల్లో ఒక చుక్క, పెర్ల్ గోల్డ్ అర చుక్క. ఈ గోల్డ్ అర చుక్క దాటితే కన్ను గాజుల దుకాణంలో వస్తువులా తయారవుతుంది. పల్చగా రెండు పూతలు, మధ్యలో పావుగంట విరామం. తొందరపడి ఒకే మందపాటి పూత వేస్తే పైన చర్మం కట్టి అడుగున పచ్చిగా ఉంటుంది. తర్వాత గీసే గీతలు దాన్ని చీరుకుంటూ పోతాయి.

తర్వాత అంచు. బర్న్ట్ అంబర్‌ను నీళ్లలా పల్చన చేసి గిన్నె అంచు చుట్టూ 3 మి.మీ. వెడల్పున తిప్పి, లోపలి వైపు తడి కుంచెతో చెరిపేయండి. అంచు గట్టి గీతలా కనిపించకూడదు, పొగలా లోపలికి కరగాలి.

ఇప్పుడు నారలు, అంటే ఐరిస్‌లో కనిపించే సన్నటి గీతలు. అందరికీ ఇష్టమైన మెట్టు, అందరూ పాడుచేసే మెట్టు కూడా ఇదే. 000 కుంచె, రంగు సిరా అంత పల్చగా. ముందు బర్న్ట్ సియెన్నాతో అంచు నుంచి కేంద్రం వైపు ఒక అరవై గీతలు. కొన్ని సగం దూరంలో ఆగాలి, కొన్ని మూడొంతులు వెళ్లాలి, రెండు మూడు చోట్ల పక్కపక్క గీతలు కలిసిపోవాలి. ఆ తర్వాత ఎదురు దిశలో, కేంద్రం నుంచి బయటికి, లెమన్ ఎల్లోలో కొద్దిగా తెలుపు కలిపి నలభై గీతలు. కుంచెను పెట్టేటప్పుడు నొక్కి, ఎత్తేటప్పుడు తేల్చాలి. గీత మొదట లావుగా, చివర వెంట్రుకలా రావాలి. అన్నీ ఒకే పొడవులో, ఒకే ఎడంతో గీస్తే వచ్చేది పులి కన్ను కాదు, పొద్దుతిరుగుడు పువ్వు.

గీతలు ఆరాక ఎల్లో ఓకర్‌ను పది వంతుల నీళ్లలో కలిపి మొత్తం మీద ఒకసారి కడిగినట్టు వేయండి. విడివిడిగా కనిపించే గీతలన్నీ ఒక్కటై లోపలికి దిగుతాయి. దాని మీద అతి లేత పసుపుతో పదో పన్నెండో గీతలు మళ్లీ తేల్చండి, అంతకు మించి వద్దు.

కనుపాప వ్యాసం ఐరిస్‌లో సుమారు మూడో వంతు, అంటే 8 నుంచి 9 మి.మీ. చిన్నదైతే చూపులో కోపం, పెద్దదైతే పసితనం. 6 మి.మీ.కు తగ్గిస్తే వేటకు దిగిన పులి, 12కు పెంచితే పులికూన. నలుపు రెండు పూతలు వేసి, ముల్లు గుచ్చిన రంధ్రం పూర్తిగా మూసుకుందో లేదో వెలుతురుకు ఎత్తి చూడండి. కనుపాప అంచున సియెన్నాతో సన్నటి నీడ పెడితే అతికించిన బిళ్లలా ఉండదు.

చివరగా నీడ. ఐరిస్ పై మూడో వంతు మీద పల్చటి అంబర్ ఒక చేయి. పై రెప్ప నీడ అక్కడే పడుతుంది. పైనుంచి వచ్చే వెలుతురు పారదర్శక పొరలోంచి వంగి దిగువ భాగాన్ని వెలిగిస్తుంది కాబట్టి కింది సగం పై సగం కన్నా లేతగా ఉండాలి. ఏ వైపు పైనో గిన్నె వెనక బాణం గుర్తు పెట్టుకోండి. అతికించేటప్పుడు తిరగేసి పెట్టడం చాలా తేలిక.

మెరుపు చుక్క తెల్లగా గీయకండి. ముందున్న డోము తన మెరుపు తానే ఇస్తుంది, తల తిరిగినప్పుడు అది కదులుతుంది. గీసిన చుక్క కదలదు, ఒక కంట్లో రెండు దీపాలు కనిపిస్తాయి.

డోము

గోళం సగం తీసుకుని వేలాడదీసే కొక్కెం కోసేయండి. సబ్బునీళ్లతో మాత్రమే కడగండి. థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం తగిలితే ప్లాస్టిక్ నిండా సన్నటి పగుళ్లు పడతాయి. స్ప్రే రంగులు కూడా అంతే.

స్టిక్కర్ కాగితం మీద పది రూపాయల నాణెం పెట్టి గీసి, 27 మి.మీ. బిళ్ల కత్తిరించండి. అంచు చుట్టూ ఎనిమిది చిన్న గాట్లు పెడితే గుండ్రటి లోపలి గోడకు ముడతలు పడకుండా అతుక్కుంటుంది. డోము లోపల సరిగ్గా నడినెత్తిన అంటించి, మిగతా లోపలి గోడ అంతా అంబర్, నలుపు సమానంగా కలిపిన రంగుతో రెండు పూతలు వేయండి. రెండో పూత చేతికి అంటకుండా, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే బిళ్ల తీసేయాలి. పూర్తిగా ఆరనిస్తే రంగు బిళ్లతో పాటు తెగి లేస్తుంది.

వంపు మీద పరుచుకోవడం వల్ల ఆ బిళ్ల వదిలే కిటికీ దాదాపు 25 మి.మీ. మాత్రమే ఉంటుంది. గిన్నె 28 కాబట్టి చుట్టూ ఒకటిన్నర మి.మీ. నల్ల అంచు గిన్నె కోతను కప్పేస్తుంది. పులి ఐరిస్ చుట్టూ ఉండే ముదురు వలయం అలా ఉచితంగా వచ్చేస్తుంది, కంటి మూలలు కూడా తెల్లగా కాకుండా నల్లగా ఉంటాయి.

రెండు రోజులు ఆరబెట్టండి. ఈ రెండు రోజులు దాటవేయవద్దు. పచ్చి రంగుతో మూసేస్తే లోపలి తడి డోముకు ఆవిరిలా పట్టి ఎప్పటికీ పోదు. అతికించడానికి వానరోజు కాకుండా పొడి మధ్యాహ్నం చూసుకోండి. అతికించే ముందు గిన్నె లోపల ఒక పూత మెరిసే వార్నిష్, అదీ ఒక రోజు ఆరాలి.

గిన్నెను డోములోకి దించితే దాని అంచు లోపలి గోడకు తగిలి దానంతట అదే ఆగుతుంది, ముందు 12 మి.మీ. ఖాళీ మిగులుతుంది. వెనక నుంచి అంచు చుట్టూ ఎపాక్సీ జిగురు అగ్గిపుల్లతో రాయండి. ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు వాడితే దాని ఆవిరి డోము లోపల తెల్లటి బూజులా పడుతుంది. అది తుడవడానికి లోపలికి వేలు పోదు. గ్లూ గన్ వేడికి పల్చటి ప్లాస్టిక్ వంగుతుంది, పైగా ఎండలో ఆడే తలకు ఆ జిగురు మెత్తబడి కన్ను ఊడుతుంది.

తలలో కూర్చోబెట్టడం

జిగురు పెట్టే ముందు పిండి ముద్దతోనో రెండు వైపులా అంటుకునే టేపుతోనో నిలబెట్టి చూడండి. మెల్లకన్ను ఇక్కడే పుడుతుంది. తలను బల్ల మీద పెట్టి, రెండు మీటర్ల దూరంలో సరిగ్గా ఎదురుగా నిలబడి, ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీయండి. రెండు డోముల మీదా ఫ్లాష్ చుక్క కనుపాపకు ఒకే చోట పడాలి. ఒక కంట్లో నడిమధ్య, ఇంకో కంట్లో పక్కకు ఉంటే రెండోది తిప్పాలి. కంటి డాక్టర్లు టార్చి వేసి మెల్ల చూసేది కూడా ఈ పద్ధతిలోనే.

రెప్పలు ఎం-సీల్‌తో. రెండు ముద్దలూ సమానంగా కలిపి, రంగు ఒకటయ్యే దాకా పిసికి, అగ్గిపుల్ల లావు తాడుగా చేయండి. కంటి తెరుపు పొడవు 36 మి.మీ., ఎత్తు 22. పై రెప్ప ఐరిస్‌ను 3 మి.మీ. కప్పాలి, కింది రెప్ప అంచుకు తగిలీ తగలనట్టు ఉండాలి. ఐరిస్ మొత్తం గుండ్రంగా కనిపిస్తే మళ్లీ జడుసుకున్న చూపే. లోపలి మూల బయటి మూల కన్నా కిందికి ఉండాలి, అక్కడి నుంచి ముక్కు వైపు ఒక ముదురు గీత జారాలి. రెప్ప అంచు మెరుపు లేని నలుపు. అది ఆరాక రెప్ప, డోము కలిసే సందులో మాత్రం వార్నిష్ సన్నటి గీత ఒకటి వేయండి. ఆ తడి గీత లేని కన్ను ఎండిపోయిన కన్నే.

వేసుకున్న మనిషి ఎటు నుంచి చూస్తాడు?

ఈ కళ్లలోంచి ఏమీ కనిపించదు. లోపలి మూల నుంచి ముక్కు వైపు జారే ఆ ముదురు గీతే దారి. దాన్ని 8 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవు సందుగా కోసి, వెనక నల్ల దోమల జాలి అంటించండి. పెద్దవాళ్ల కనుపాపల మధ్య దూరం సుమారు 60 నుంచి 65 మి.మీ.; సందులు ఆ కొలతకు అందాలి. జాలి ముఖానికి ఎంత దగ్గరగా ఉంటే అంత వెడల్పుగా కనిపిస్తుంది. 10 సెం.మీ. నుంచి 5కు తెస్తే చూపు దాదాపు రెండింతలు అవుతుంది, కాబట్టి లోపల నుదుటి దగ్గర స్పాంజి తగ్గించి తలను వెనక్కి జరపండి. అయినా కాళ్ల దగ్గర మెట్టు కనిపించదు. పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఉండాల్సిందే.

దసరాకు డప్పుల ముందు గంటల తరబడి ఆడే పులివేషానికి అయితే ఈ డోము కన్ను వద్దనే నా మాట. అక్కడ జాలి కన్ను పెట్టండి. నల్ల దోమల జాలినే కంటి ఆకారంలో కోసి, స్పాంజి ముక్కతో దాదాపు పొడిగా ఉన్న రంగు అద్దాలి. కుంచెతో పూస్తే కన్నాలు మూసుకుంటాయి. మూసుకున్న ప్రతిసారీ వెనక నుంచి ఊది, దీపానికి అడ్డం పెట్టి చూడండి. కనుపాప భాగం ఏ రంగూ వేయకుండా నల్ల జాలిగానే వదిలేయండి: లేత రంగు కన్నా నలుపు లోంచి లోపలి మనిషికి ఎక్కువ కనిపిస్తుంది. జాలికి మెరుపు ఉండదు కాబట్టి తెల్ల చుక్క ఇక్కడ మాత్రం గీయవచ్చు, రెండు కళ్లకూ ఒకే వైపు.

పది మీటర్ల దూరం నుంచి చూసే జనానికి నారలు కనిపించవు. వాళ్లకు అందేది మూడే: నల్ల అంచు, వెలుగు పసుపు, నల్ల చుక్క. వేదిక కోసం చేసే కళ్లలో నారల మీద ఇంకో రెండు గంటలు పెట్టే బదులు ఆ మూడింటి మధ్య తేడా పెంచండి.

వేరే జంతువులకు

గిన్నె, డోము అవే. కనుపాప, రంగు మారతాయి. తెల్లపులికి ఐరిస్ లేత నీలం. కుక్కకు, తోడేలుకు గుండ్రం. నక్కకు నిలువు గీత, 4 మి.మీ. వెడల్పు, 16 పొడవు సరిపోతుంది. మేకకు, గొర్రెకు అడ్డంగా పొడవాటి దీర్ఘచతురస్రం. మేక తల వంచి మేస్తున్నప్పుడు కూడా దాని కళ్లు తిరిగి ఆ గీత నేలకు సమాంతరంగానే ఉంటుంది. మనం చేసే కన్ను తిరగదు కాబట్టి, వేసుకున్న మనిషి నిటారుగా నిలబడినప్పుడు గీత నేలకు సమంగా ఉండేలా బిగించండి. బల్ల మీద తల పెట్టి కొలిస్తే తప్పుతుంది, ఎందుకంటే మెడ మీదికి ఎక్కాక తల ముందుకు వాలుతుంది.

నమూనా ఫొటోలకు జూకు వెళ్లడమే మేలు. హైదరాబాద్ నెహ్రూ జూలోనో, విశాఖ ఇందిరాగాంధీ జూలోనో పులి నీడలో కూర్చున్నప్పుడు తీయండి. ఫ్లాష్ వాడకండి. పులి కంటి వెనక వెలుతురును తిరిగి విసిరే పొర ఒకటి ఉంటుంది. ఫ్లాష్ పడితే కనుపాప నల్లగా కాక దీపంలా వెలుగుతుంది. ఆ ఫొటో చూసి రంగు కలిపితే మీకు దొరికేది పులి కంటి రంగు కాదు, ఆ పొర మెరుపు.

ఆట అయ్యాక డోముల మీద చెమట, కుంకుమ, దుమ్ము ఉంటాయి. పొడిగుడ్డతో తుడిస్తే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. ముందు నీళ్లు చల్లి కడిగి, తర్వాత మెత్తటి నూలు గుడ్డ అద్దండి. తలను గోనెసంచిలో కాకుండా, కళ్లకు ఏదీ ఆనకుండా మెడ మీద నిలబెట్టి దాచండి.